షుగర్ ఉన్నవాళ్ల భోజనం: ఏది మార్చకూడదు, ఏది మారుస్తూ ఉండాలి

షుగర్ వచ్చిందని తెలిసిన ఇంట్లో సాధారణంగా రెండు రకాలుగా జరుగుతుంది. కొందరు పొద్దున రాగి జావ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రి మళ్లీ రెండు పుల్కాలు అని గీత గీసుకుని కూర్చుంటారు. రెండు నెలలు బాగానే నడుస్తుంది. తర్వాత నోరు చచ్చిపోతుంది. ఒక పెళ్లి భోజనంతో మొదలై మొత్తం గాడి తప్పుతుంది. ఇంకొందరు వారానికో కొత్త పద్ధతి పట్టుకుంటారు. ఈ వారం కొర్రలు, వచ్చే వారం ఓట్స్, ఆ పై వారం ఎవరో చెప్పిన కషాయం. ఏది పని చేసిందో, ఏది చేయలేదో వాళ్లకే తెలియదు.

ఈ రెండింటికీ మధ్య మన వంటింట్లోనే ఒక దారి ఉంది. తినే వేళ, పిండి పదార్థం కొలత, మందు వేసుకునే తీరు స్థిరంగా ఉండాలి. కూర, ఆకుకూర, పప్పు, పొడి, పచ్చడి, తాలింపు ఎన్ని రకాలుగా మారినా ఫర్వాలేదు, మారితేనే మంచిది. ఇది టైప్ 2 మధుమేహం ఉన్న పెద్దవాళ్ల కోసం రాసింది. గర్భిణులకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు పప్పు, పండు, ఆకుకూరల లెక్కలు వేరుగా ఉంటాయి. వాళ్లు ముందు డాక్టరును అడిగి, ఆయన చెప్పినట్టు చేయాలి.

1. ముందు మందుల చీటీ చూడండి

మీ భోజనంలో ఎంత వెసులుబాటు ఉందో చెప్పేది మందుల చీటీయే. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజెక్షన్లు మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ను కిందికి లాగుతాయి. ఇవి వాడేవాళ్లు పొద్దున మాత్ర వేసుకుని టిఫిన్ పదకొండింటికి తింటామంటే కుదరదు. మధ్యాహ్నం అన్నం మానేసి ఒట్టి మజ్జిగ తాగినా ప్రమాదమే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే షుగర్ బాగా పడిపోయే భయం తక్కువ, వేళ అరగంట అటూ ఇటూ అయినా కొంప మునగదు. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. శాకాహారులైతే ఆ పరీక్ష గురించి డాక్టరును ఒకసారి అడగండి.

షుగర్ 70 కంటే తగ్గితే చెమటలు, వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి వస్తాయి. అప్పుడు మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి. చాక్లెట్, లడ్డూ ఆ సమయానికి పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2. ఒక వారం ఉన్నది ఉన్నట్టు రాయండి

ఏమీ మార్చకుండా తిన్నది తిన్నట్టు ఒక నోటుబుక్కులో రాయండి. వేళ, అన్నం ఎన్ని గరిటెలు, టీలో పంచదార, నాలుగింటికి నోట్లో వేసుకున్న కారప్పూస, రాత్రి టీవీ ముందు తిన్న అరటిపండు, అన్నీ. మీరు ఇప్పటికే ఏ రోజూ మార్చకుండా చేస్తున్న పనులేమిటో ఈ వారం పుస్తకంలో బయటపడతాయి. వాటిలో మంచివాటిని కదిలించకండి.

3. అన్నం కొలత ఖాయం చేయండి

అసలు కీలకం ఇక్కడే ఉంది. మన భోజనం వరసల్లో నడుస్తుంది. ముందు కూరతో కొంచెం అన్నం, తర్వాత పప్పుతో ఇంకొంచెం, పులుసో చారో వచ్చేసరికి మరో గరిటె, చివర పెరుగన్నం. ప్రతి వరసకీ అన్నం మళ్లీ వడ్డిస్తారు. కాబట్టి వంటకాలు ఎన్ని ఎక్కువైతే అన్నం అంత ఎక్కువ వెళ్తుంది. ఆదివారం రెండు కూరలు, రసం, వడియాలతో వండిన రోజు షుగర్ పెరిగిందంటే తప్పు ఆ కూరలది కాదు. వాటి వెంట వచ్చిన రెండు గరిటెల అన్నానిది.

అందుకని అన్నమంతా ఒకేసారి కొలిచి కంచంలో పెట్టుకోండి. గిన్నె మళ్లీ మీ వైపు రాకూడదు. పెట్టుకున్న ముద్దను కంచంలోనే వేలితో మూడు భాగాలు చేయండి: కూరకి ఒకటి, పప్పుకి లేదా పులుసుకి ఒకటి, పెరుగుకి ఒకటి. చారు మీద మనసుపోతే గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టు అనిపించనివాళ్లు, అంటే మనలో చాలామంది, ఆ మూడో భాగాన్ని ముందే పక్కకి జరిపి ఉంచుకోవాలి. ‘ఇంకొక్క ముద్ద పెట్టుకో నాయనా’ అని అమ్మ గరిటె ఎత్తినప్పుడు కూర వేయించుకోండి, ఆవిడ మనసూ నొచ్చుకోదు.

కొలత ఎంత? వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. లెక్క సులువుగా ఉండటానికి 30 గ్రాముల పిండి పదార్థాన్ని ‘ఒక వాటా’ అనుకుందాం. పూటకి ఒక వాటానా, ఒకటిన్నరా, రెండా అన్నది మీ బరువు, పని, మందులను బట్టి డాక్టరో డైటీషియనో చెప్పాలి. ఇంట్లో ఒక గిన్నెను ఎంచుకుని, వంటింటి తూకం మీద ఒక్కసారి అన్నం తూచి, ఆ గిన్నెలో ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టుకుంటే చాలు. రోజూ తూచనక్కర్లేదు.

అన్నం పూర్తిగా మానేయాల్సిన పని లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతటా షుగర్ మీద చేసిన ఇండియాబ్ అధ్యయనం సమాచారంతో 2022లో వేసిన లెక్క ప్రకారం, కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు అదుపులోకి రావడానికి రోజు కేలరీల్లో 49 నుంచి 54 శాతం పిండి పదార్థాల నుంచి, 19-20 శాతం మాంసకృత్తుల నుంచి రావడం మేలు. అంటే అన్నం కొంత తగ్గాలి, పప్పు, గుడ్డు, చేప, పెరుగు కొంత పెరగాలి. మన సగటు కంచంలో పప్పు పలచగా, అన్నం గుట్టగా ఉంటుంది. ఆ నిష్పత్తినే తిప్పాలి.

బియ్యం రకం మార్చినా కొంత లాభం ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసీమిక్ సూచిక, అంటే తిన్నాక షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, తక్కువ ఉన్న రకంగా పేరు తెచ్చుకుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగుపరచిన సాంబ మసూరి కూడా అంతే. అయితే సూచిక తక్కువ కాబట్టి ఇంకో గరిటె వేసుకోవచ్చనుకుంటే ఆ లాభం అక్కడికక్కడే పోతుంది.

4. ఒకదాని బదులు ఒకటి పెట్టుకునే జాబితా రాసి గోడకి అంటించండి

ఒక వాటాకి సుమారుగా సరిపోయేవి ఇవి:

- వండిన అన్నం 100 నుంచి 110 గ్రాములు
- ఒక్కొక్కటి 20 గ్రాముల పిండితో చేసిన చిన్న పుల్కాలు రెండు
- 40-45 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టె ఒకటి
- వండకముందు తూచిన కొర్రలు లేదా సామలు 45 గ్రాములు
- చిన్న ఇడ్లీలు మూడు
- ఉప్మా రవ్వ లేదా అటుకులు, వండకముందు, 40 గ్రాములు
- 60 గ్రాముల పెసలు నానబోసి రుబ్బిన పిండితో వేసిన పెసరట్లు
- ఉడికించిన చిలగడదుంప 125 గ్రాములు

అన్నం బదులు రొట్టె పెట్టుకోవచ్చు. రొట్టె తిని దానిపైన పెరుగన్నం కూడా తింటే మాత్రం అది రెండు వాటాలు. రాత్రి పుల్కాలు తింటున్నా షుగర్ తగ్గడం లేదని బాధపడేవాళ్లలో చాలామంది దగ్గర జరిగేది ఇదే.

సిరిధాన్యాల గురించి ఒక మాట. జొన్న, రాగి, కొర్ర అన్నీ మంచివే. పీచు ఎక్కువ, రుచి వేరు, రాగిలో కాల్షియం మెండు. కానీ పిండి పదార్థం విషయంలో అవి బియ్యానికి మరీ దూరం కాదు. కొర్రన్నం ఎంతైనా తినొచ్చన్న ప్రచారం చాలామందికి చెరుపు చేస్తోంది. ఇంకా, గింజగా వండుకున్నదానికీ మెత్తగా పిండి పట్టించి జావ కాచినదానికీ తేడా ఉంది. జావ త్వరగా అరుగుతుంది, షుగర్ త్వరగా ఎక్కుతుంది. రాగి ఇష్టమైతే కొలిచిన సంకటి ముద్దను ఆకుకూర పప్పుతోనో నాటుకోడి పులుసుతోనో తినండి. అందులో నమలడం ఉంది, తోడుగా మాంసకృత్తులూ ఉన్నాయి.

5. పొద్దున టిఫిన్‌ను పెద్దగా మార్చకండి

చాలామందికి తెల్లవారుజామున శరీరంలో కొన్ని హార్మోన్లు పెరిగి ఇన్సులిన్ పని మందగిస్తుంది. అందుకే రాత్రి తింటే షుగర్‌ను పెద్దగా పెంచని ఇడ్లీయే పొద్దున తింటే ఎక్కువ పెంచవచ్చు. ఈ పూటకి రెండు మూడు టిఫిన్లు ఎంచుకుని వాటినే తిప్పుకోండి. పెసరట్టు నా లెక్కలో అన్నింటికంటే ముందుంటుంది: పిండీ పప్పే, కాబట్టి మాంసకృత్తులు దండిగా వస్తాయి. అందులో ఉప్మా పెట్టుకుంటే వాటా రెట్టింపవుతుంది. ఉప్మా బదులు ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర దండిగా చల్లుకోండి. ఇడ్లీ రోజున ఒక గుడ్డు, లేదా గిన్నెడు కూరగాయల సాంబారు తోడు పెట్టుకోండి. మైసూర్ బజ్జీ, పూరీ ఈ చక్రంలో లేవు, వాటి సంగతి పండుగల దగ్గర చూద్దాం.

చట్నీలు మాత్రం రోజుకొకటి చేసుకోండి. పల్లీ, కొబ్బరి, దోసకాయ, బీరపొట్టు, వంకాయ, కొత్తిమీర, ఉల్లి, ఏ రోజుకారోజు. అల్లం చట్నీలో బెల్లం పడుతుంది, అది కొంచెమే.

6. కూరల దగ్గర చేతికి ఎముక లేకుండా ఉండండి

మధ్యాహ్నం, రాత్రి కంచంలో సగం కూరగాయలే ఉండాలి. ఆ సగాన్ని నింపడానికి మన సంతలో దొరకనిదేముంది? బీర, సొర, పొట్ల, దొండ, బెండ, వంకాయ, కాకర, గోరుచిక్కుడు, చిక్కుడు, క్యాబేజీ, ములక్కాడ, ముల్లంగి. ఆకుల్లో తోటకూర, పాలకూర, బచ్చలి, మెంతికూర, గోంగూర, చుక్కకూర, పొన్నగంటి, గంగవాయిల, మునగాకు. ఇన్ని ఉండగా వారంలో నాలుగు రోజులు ఆలూ వేపుడు చేసుకోవడం అన్యాయం. ఆలూ, కంద, చేమ, చిలగడదుంపలను కూరల లెక్కలో వేయకండి, అవి అన్నం వాటాలోకి వస్తాయి.

వారం పట్టికను వంటకాల పేర్లతో వేస్తే రెండు వారాల్లో మూలపడుతుంది. సంతలో ఆ రోజు ఏది లేతగా ఉందో తెలియకుండా మంగళవారం బెండకాయ అని రాసుకుని లాభమేముంది? అందుకని పేర్లకు బదులు జాతుల వారీగా వేసుకోండి. సోమవారం ఆకుకూర పప్పు, దానితో తీగ మీద కాసేదేదైనా, అంటే బీరో సొరో పొట్లో దొండో. మంగళవారం చిక్కుడు జాతి కూర, చారు. బుధవారం గుడ్డు లేదా చేప పులుసు, శాకాహారులైతే శనగలో అలసందలో. గురువారం మళ్లీ ఆకుకూర, ఈసారి పప్పులో కాకుండా పెసరపప్పు చల్లిన పొడికూరగా. శుక్రవారం సాంబారు. శని, ఆదివారాలు ఇంట్లోవాళ్ల ఇష్టం, కొలత మాత్రం కంచంలో అదే. ఈ పట్టికలో జాతి మారదు, కూర మారుతుంది, కాబట్టి ఏ ఊళ్లో ఉన్నా, ఏ కాలంలోనైనా నడుస్తుంది.

ఒకే కూరను వండే తీరు మార్చినా కొత్తగా ఉంటుంది. సొరకాయనే తీసుకోండి. ఒక రోజు పెసరపప్పు వేసి పొడికూర, ఒక రోజు నువ్వులు వేయించి పొడి చేసి కలిపింది, ఒక రోజు పచ్చడి, ఒక రోజు మజ్జిగ పులుసులో ముక్కలు. కాకరకాయను బెల్లం పెట్టి పులుసు కాయడం అలవాటైన ఇళ్లలో ఉల్లికారం పెట్టి చేసి చూడండి, బెల్లం అవసరమే రాదు. కాకరకాయ, మెంతులు ఆహారంగా మంచివే. మాత్ర మానేసి కాకర రసం తాగమని ఎవరు చెప్పినా వినకండి. మాత్రలతో పాటు ఆ రసాన్ని గ్లాసులకొద్దీ తాగితే షుగర్ పడిపోనూవచ్చు.

అన్నం తగ్గిన చోట నోటికి రుచి కావాలి, అందుకు మన పొడులున్నాయి. కరివేపాకు పొడి, అవిసె గింజల పొడి, నువ్వుల పొడి, కందిపొడి, మునగాకు కారం. వీటిని అన్నంలో కలుపుకుంటే అన్నం ఎక్కువ కావాల్సివస్తుంది. కూర మీద, పెరుగులో చల్లుకోండి. ఊరగాయ నంజుకోవడానికి ఒక్క ముక్క చాలు. చాలామందికి షుగర్‌తో పాటు బీపీ కూడా ఉంటుంది, ఉప్పు మొత్తం రోజుకి 5 గ్రాములు దాటకూడదు.

తినే వరస కూడా పని చేస్తుంది. ముందు సగం కూర, కొంచెం పప్పు ఒట్టిగా తిని, తర్వాత అన్నం మొదలుపెడితే షుగర్ పెరిగే వేగం తగ్గుతుంది. ఒట్టి కూర తినడం మనకి అలవాటు లేదు, ఉప్పూ కారం తగ్గించి వండితే సులువవుతుంది. తిన్నాక పది, పదిహేను నిమిషాలు వరండాలోనో వీధిలోనో నడవండి.

7. కొత్తది ఒకటే, అదీ మీటరుతో

కొత్త ధాన్యమో కొత్త టిఫినో తెచ్చుకున్నప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. మిగతా కంచమంతా పాతదే ఉండాలి. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకి ఇంకోసారి షుగర్ చూడండి. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే వేలు గుచ్చాలి. పండు తరిగిన చేత్తో చూస్తే అంకె దొంగ లెక్క చెబుతుంది. చాలామంది పెద్దవాళ్లకు తినక ముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు అన్నది లక్ష్యం. వయసు బాగా పైబడినవాళ్లకు డాక్టర్లు కొంచెం సడలిస్తారు.

రెండు అంకెల మధ్య తేడా 50 దాటితే ఆ వంటకం కొలత తగ్గించి మళ్లీ చూడాలి. ఒక్క రోజు అంకెతో తీర్పు చెప్పకండి. మీటర్లలోనే 15 శాతం వరకు అటూ ఇటూ ఉంటుంది, పైగా నిద్ర సరిపోకపోయినా, జలుబు చేసినా షుగర్ మారుతుంది. వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూసి, ఒకే తీరు కనిపిస్తే అప్పుడు దాన్ని మీ జాబితాలోకి ఎక్కించండి లేదా తీసేయండి. వేరేవాళ్లకి అరటికాయ పడింది, మీకు పడలేదు, అంతే. స్ట్రిప్పులు ఖరీదు కాబట్టి పాత వంటకాల మీద వృథా చేయకుండా కొత్తవాటికి దాచుకోండి.

8. పండుగ, పెళ్లి, ఉపవాసం

పండుగ రోజున పిండివంటను పూర్తిగా కాదనడం కంటే దానికి చోటు చేయడం మేలు. ఒక మోస్తరు అరిసె లేదా బొబ్బట్టు సుమారు ఒక వాటా. అది తినదలుచుకుంటే ఆ పూట అన్నంలో ఒక వాటా తీసేయండి, స్వీటును భోజనం చివర తినండి. బెల్లంతో చేసింది కాబట్టి ఫర్వాలేదనే మాటలో నిజం లేదు. షుగర్‌ను పెంచే విషయంలో బెల్లం, పంచదార, తేనె దాదాపు ఒకటే. వినాయక చవితి కుడుములు, ఉండ్రాళ్లు తియ్యగా లేకపోయినా బియ్యపు రవ్వే, అవీ లెక్కలోకి వస్తాయి. పూరీ, బజ్జీ తినాలనిపిస్తే అలాంటి రోజే తినండి, ఆ పూట అన్నం బదులు.

పెళ్లి పంక్తిలో పులిహోర, బిర్యానీ, తెల్లన్నం మూడూ వస్తాయి. మూడింట్లో ఒక్కటే పెట్టించుకోండి. కూరలు, పప్పు, పెరుగు పచ్చడి ఎంతైనా అడగండి. భోజనాలు మూడింటికి గానీ పెట్టరని తెలిస్తే, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఇంటి దగ్గరే ఒంటిగంటకి కొంచెం తిని వెళ్లాలి, ముహూర్తాన్ని నమ్ముకోకూడదు.

ఉపవాసాల విషయంలో ఖచ్చితంగా ఉండాలి. కార్తీక సోమవారం నక్షత్రం చూసేదాకా ఉండేవాళ్లైనా, రంజాన్ రోజాలు పాటించేవాళ్లైనా ముందుగానే డాక్టరును కలిసి మందుల మోతాదు, వేళ మార్పించుకోవాలి. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతూ రోజంతా ఏమీ తినకపోతే షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. ఫలహారం పేరుతో తినే సగ్గుబియ్యం దాదాపు ఒట్టి పిండే. దాని బదులు గుగ్గిళ్లు, పల్లీలు, పెరుగు, ఒక జామకాయ చాలా నయం.

9. పండ్లు, సాయంత్రం చిరుతిండి

పండును పండుగానే తినండి, రసం వద్దు. జామ, బొప్పాయి, బత్తాయి, ఆపిల్, నేరేడు తిప్పుకోవచ్చు. మామిడి కాలంలో మధ్యాహ్నం భోజనం పైన పండు తినే అలవాటును వదిలి, చిన్న పండులో సగాన్ని సాయంత్రం విడిగా తినండి. సీతాఫలం, సపోటా ఇంకా తక్కువ. నాలుగింటికి ఉడికించిన శనగలో అలసందలో గుప్పెడు, లేదా ఉప్పు లేకుండా వేయించిన పల్లీలు, మజ్జిగ. ఈ పూట ఒకే వేళకి అలవాటు చేస్తే రాత్రి భోజనం తొందరగా, తక్కువగా ముగుస్తుంది.

10. ఇంటికంతటికీ ఒకే వంట

షుగర్ ఉన్న మనిషికి విడిగా ఒక గిన్నెలో చప్పిడి కూర వండితే వండేవాళ్లకి విసుగు, తినేవాళ్లకి చిన్నతనం. పైన చెప్పిన కూరల్లో ఇంట్లో మిగతావాళ్లు తినకూడనిది ఒక్కటీ లేదు. నూనె, ఉప్పు అందరికీ తగ్గించండి, కూర అందరికీ పెంచండి. తేడా అన్నం గిన్నె దగ్గరే ఉండనివ్వండి.

మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, చేయించుకునేటప్పుడు నోటుబుక్కు కూడా పట్టుకెళ్లండి. ఆ మూడు నెలల్లో కొత్తగా చేర్చినవి, తీసేసినవి, తిన్న రెండు గంటలకి వచ్చిన అంకెలు ఒక పేజీలో రాసి డాక్టరు ముందు పెడితే ఆయన మాత్ర మార్చాలా, కొలత మార్చాలా అన్నది అక్కడే చెప్పగలుగుతారు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకు అన్నం తగ్గించాక షుగర్ తరచు 80-90ల్లోకి వస్తుంటే, అది లక్ష్యం లోపలే అయినా, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. మాత్ర మోతాదు తగ్గించాల్సి రావచ్చు.